నాడ్యూల్స్ ఏరేసిన చోట జీవులు మళ్లీ వస్తాయా?

ప్రశ్న (జంతుశాస్త్రం ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం):
మధ్య హిందూ మహాసముద్రంలో పాలీమెటాలిక్ నాడ్యూల్స్ (సముద్రపు అడుగున పరచుకొని ఉండే లోహపు గడ్డలు) అన్వేషణకు మన దేశానికి 75,000 చదరపు కిలోమీటర్ల మేర హక్కు ఉందని, అక్కడి లోతు సుమారు 5 కిలోమీటర్లని తరగతిలో చెప్పారు. మాంగనీసు, నికెల్, కోబాల్ట్, రాగి గురించి బోలెడు సమాచారం దొరుకుతోంది గానీ, అడుగున బతికే జీవుల సంగతి అంత వివరంగా కనిపించడం లేదు. యంత్రాలతో నాడ్యూల్స్ ఏరేశాక కొన్నేళ్లకు అక్కడి జీవజాలం కోలుకుంటుందా? ఎవరైనా ప్రయోగం చేసి చూశారా? సెమినార్ కోసం అడుగుతున్నాను, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు):
చూశారమ్మా. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ తీరానికి దూరంగా, 4,150 మీటర్ల లోతున, దాదాపు 11 చదరపు కిలోమీటర్ల స్థలంలో 8 మీటర్ల వెడల్పున్న దంతె వంటి పరికరాన్ని 78 సార్లు ఈడ్చారు. డిస్కాల్ అనే ఆ ప్రయోగంలో నాడ్యూల్స్‌ను పైకి తీయలేదు, బురదలోకి తొక్కించారు, అంతే. 2015లో సోన్నె అనే పరిశోధన నౌక మీద వెళ్లి కెమెరాలు దింపితే, 26 ఏళ్లనాటి చాళ్లు నిన్నగాక మొన్న దున్నినట్టే ఉన్నాయి. వెయ్యేళ్లకు మిల్లీమీటర్లలో లెక్కించవలసినంత నెమ్మదిగా ఒండ్రు పేరుకొనే చోట చాళ్లు పూడాలంటే అంత తేలిక కాదు.

అదే యాత్రలో తెలిసిన మరో విషయం నీ సెమినార్‌కు బాగా పనికివస్తుంది. 4,000 మీటర్లకు పైబడిన లోతున ఒక జాతి ఆక్టోపస్, చచ్చిపోయిన స్పాంజ్ (అడుగుకు అంటుకొని పెరిగే ఒక జంతువు) కాడ మీద గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకొని కాపలా కాస్తూ కనిపించింది. ఆ స్పాంజ్ పెరిగింది నాడ్యూల్ మీద. కాలిఫోర్నియా తీరాన 1,400 మీటర్ల లోతున వేరే జాతి ఆక్టోపస్ ఒకటి 53 నెలల పాటు గుడ్లను కాచిందని నమోదైంది కాబట్టి, చలి నీటిలో ఇటువంటి కాపలా ఎంతకాలం సాగగలదో ఊహించుకోవచ్చు. నాడ్యూల్ పోతే స్పాంజ్ లేదు, స్పాంజ్ పోతే గుడ్లకు ఆధారం లేదు. ఆ నాడ్యూల్ తిరిగి పెరగడమా, పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు!

జవాబు (సముద్ర భూవిజ్ఞాన పరిశోధకుడు):
మాస్టారు చెప్పినది సరైనదే గానీ, జీవులన్నిటినీ ఒకే గాటన కట్టి కోలుకున్నాయా లేదా అని అడిగితే జవాబు తప్పుదారి పడుతుంది. పసిఫిక్‌లోని క్లారియన్-క్లిప్పర్టన్ మండలంలో 1979లో నాడ్యూల్స్ ఏరే ఒక యంత్రాన్ని నడిపి చూసిన చోటికి 44 ఏళ్ల తరువాత వెళ్లినప్పుడు, యంత్రపు జాడలు అలాగే ఉన్నా, బురదలో తిరిగే చిన్న జీవులు కొన్ని తిరిగి చేరడం మొదలైంది. అడుగుకు అంటుకొని పెరిగే పెద్ద జీవులు మాత్రం ఆ జాడల్లో ఇప్పటికీ బహు అరుదు. మన శాస్త్రవేత్తలు కూడా 1997లో మధ్య హిందూ మహాసముద్రపు అడుగును కొంతమేర కలియబెట్టి, ముట్టని మరో స్థలంతో పోల్చి చూశారు. ఇవన్నీ చిన్న ప్రయోగాలేనని, వాణిజ్య స్థాయి తవ్వకం వీటికి ఎన్నో రెట్లు ఉంటుందని మరువరాదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ధన్యవాదాలండీ. అసలు అక్కడ ఏయే జాతులు ఉన్నాయో పూర్తిగా తెలియకుండా, వేటిని కాపాడాలో ఎలా నిర్ణయిస్తారు?

జవాబు (నమూనాలు వేరుచేసే పనిలో ఉన్న పరిశోధక విద్యార్థిని):
చిక్కంతా అక్కడే ఉంది. బాక్స్ కోరర్ అనే ఉక్కు పెట్టె ఒక్కసారి దిగి వస్తే చేతికొచ్చేది పావు చదరపు మీటరు బురద. పైనున్న నీటిని గొట్టంతో తీసి, నాడ్యూల్స్‌ను ఒక్కొక్కటిగా కడిగి, మిగిలిన బురదను చల్లని సముద్రపు నీటితో సన్నని జల్లెడలో వడపోస్తే, వెంట్రుకంత పురుగులు, రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న జీవులు మిగులుతాయి. వాటిలో చాలావాటికి పేరే ఉండదు. క్లారియన్-క్లిప్పర్టన్ మండలం నుంచి నమోదైన 5,578 జాతులలో సుమారు తొంభై శాతానికి శాస్త్రీయ నామకరణం జరగలేదని 2023లో లెక్క తేల్చారు.

అందుకే ఒక్కో జాతిని ఎంచుకోకుండా స్థలాన్నే కాపాడే పద్ధతి పెట్టారు. దేశాల పరిధి దాటిన సముద్రపు అడుగున తవ్వకాలను నియంత్రించే, జమైకాలోని కింగ్‌స్టన్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థ ఆ మండలంలో 2012లో తొమ్మిది, 2021లో మరో నాలుగు ప్రాంతాలను తవ్వకానికి దూరంగా ఉంచింది. నా అభిప్రాయంలో అసలు పరీక్ష, అలా వదిలిన చోట కూడా నాడ్యూల్స్ అంతే దట్టంగా ఉన్నాయా అన్నది. నాడ్యూల్స్ పలుచగా ఉన్న చోటును వదిలిపెడితే, మాస్టారు చెప్పిన స్పాంజ్‌కు దానివల్ల ఒరిగేది తక్కువ. మీ సెమినార్‌లో తవ్వకానికి దూరంగా ఉంచిన ప్రాంతాల పటాన్ని, నాడ్యూల్స్ ఎక్కడ దట్టంగా ఉన్నాయో చూపే పటాన్ని పక్కపక్కన పెట్టి చూపండి.