గోళీ సోడా బుడ్డి పగిలింది, ఏ గమ్ముతో అతికించాలి?

అడిగింది: కొర్లగుంట, తిరుపతి
పాత గోళీ సోడా బుడ్డి. లేత నీలం కలిసిన పచ్చ, మందపాటి గాజు. మెడ దగ్గర విరిగి నాలుగు ముక్కలైంది, గోళీ బయటికొచ్చేసింది. పెళ్ళ ఒక్కటీ పోలేదు. ఇదివరకే ఎవరో ఇన్‌స్టంట్ గమ్ముతో అతికించినట్టున్నారు, అంచుల్లో తెల్లగా పట్టుకుని ఉంది. షోకేసులో పెట్టుకోవడానికే. అతుకు కనపడకూడదు, పసుపెక్కకూడదు. ఏం వాడాలన్నా?

జవాబు 1
ముందు ఆ పాత గమ్ము వదిలించండి. మూతున్న గాజు సీసాలో అసిటోన్ (గమ్మును కరిగించే ద్రవం) పోసి, ముక్కలు మునిగేలా ఒక రోజు ఉంచండి. మెత్తబడి పొరలాగా ఊడొస్తుంది. గోళ్ళ రంగు తుడిచే ద్రవం వద్దు, అందులో నూనె ఉంటుంది. బ్లేడుతో అంచు గీకొద్దు: ఇసుక రేణువంత గాజు రాలినా ఆ చోట అతుకు తెల్లటి చుక్కలాగా మెరుస్తుంది. కిటికీలు తీసి పెట్టండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఇన్‌స్టంట్ గమ్ము మళ్ళీ వద్దు. గాజు ఉపరితలానికున్న క్షార గుణం వల్ల అది మరీ త్వరగా బిగుస్తుంది, తర్వాత తేమ చేరి అతుకు విడిపోతుంది. బజార్లో దొరికే మామూలు ఎపాక్సీ (ఎ, బి రెండు భాగాలు కలిపి వాడే గమ్ము) గట్టిదే గానీ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. లేత రంగు గాజులో అది గీతలాగా కనపడుతుంది.

జవాబు 2
మీ పనికి హెక్స్‌టల్ ఎన్‌వైఎల్-1 సరైనది. మ్యూజియంలలో గాజుకు వాడే ఎపాక్సీ. దాని వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.52 దగ్గర, మామూలు సోడా గాజుదీ అంతే. అందుకే వెలుగు అతుకు దగ్గర వంగకుండా దాటిపోతుంది. ఖరీదెక్కువ, తెప్పించుకోవాలి.

ఎ భాగం 3, బి భాగం 1, తూకంతో. కంటితో కొలిస్తే జిగటగానే ఉండిపోతుంది. 0.01 గ్రాము చూపే నగల త్రాసు పెట్టుకుని 3 గ్రాములకు 1 గ్రాము కలపండి, రెండు మూడు నిమిషాలు మెల్లగా తిప్పండి. బుడగలు తేలిపోయేదాకా ఆగండి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: ఒక్కో ముక్కకూ గమ్ము పూసి అతికిస్తూ పోతారు. ప్రతి అతుకులోనూ వెంట్రుకవాసి తేడా పోగుపడి చివరి ముక్క పట్టదు. గమ్ము లేకుండానే నాలుగూ కలిపి, 2 సెంటీమీటర్లకొక సన్న టేపు ముక్క పగులుకు అడ్డంగా బిగించండి. గోరు అడ్డంగా జరిపితే మెట్టు తగలకూడదు. తర్వాత సూది మొనతో చుక్కచుక్కగా గమ్ము పగులు మీద పెట్టండి. నీళ్ళలాగా పల్చగా ఉంటుంది, తనంతట తానే లోపలికి పాకుతుంది. మెరుపు పోయి పగులు చీకటిగా మారిందంటే నిండినట్టు. కదిలించదగ్గట్టు కావడానికి 24 గంటలు, పూర్తిగా గట్టిపడడానికి ఒక వారం.

జవాబు 3: చిత్తూరు
తర్వాత విడదీసుకోగలిగేది కావాలంటే పారలాయిడ్ బి-72 మేలు, అసిటోన్‌లో కరిగించి వాడే యాక్రిలిక్ గమ్ము అది. ఎప్పుడైనా అసిటోన్‌తో విడదీయొచ్చు. భూమిలోంచి తీసిన, పొరలు లేస్తున్న సీసాకైతే నేను దాన్నే చెబుతాను, అలాంటి దానికి టేపు అంటించినా పొర ఊడొస్తుంది.

కానీ మన ఎండలు గుర్తుంచుకోవాల. బి-72 సుమారు 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో తిరుపతిలో ఆ వేడి దాటుతుంది, ఎండ తగిలే షోకేసులో ఇంకా ఎక్కువ. బరువైన మెడ మెల్లగా జారుతుంది. అందులోని అసిటోన్ త్వరగా ఆరిపోయి బుడగలూ పడతాయి. మందపాటి గోళీ సోడా బుడ్డికి నేనూ హెక్స్‌టల్ వైపే.

ఎండలో గట్టిపడే యూవీ గమ్ము ఈ పనికి వద్దు. బుడ్డి బయటపెట్టి టేపు సర్దుకునేలోపే పట్టేస్తుంది. గోధుమ రంగు సీసాలైతే ఎండలోని యూవీ కిరణాలను లోపలికి పోనీయవు.

అడిగింది: కొర్లగుంట
గోళీ ఎప్పుడు పెట్టాలి?

జవాబు 2
టేపు బిగించేముందే. మెడ మూసుకున్నాక అది మూతిలో పట్టదు. గోళీని అసిటోన్‌తో తుడిచి, గాడి పైన మెడ అరలో పెట్టి, తర్వాతే పై ముక్క కలపండి. గమ్ము ఆరే వారం బుడ్డిని నిటారుగా ఉంచండి, గోళీ అతుకుల మీదికి దొర్లకూడదు. మూతిలోని రబ్బరు వలయం చివరగా, గమ్ము పూర్తిగా ఆరాక. ఆ తర్వాత అందులో సోడా మాత్రం నింపొద్దు, గ్యాసు ఒత్తిడికి అతుకు తెగి గాజు ఎగిరొస్తుంది.