అడగడు, అరుస్తాడు: 20 నెలల వాడి తిండి గోల

చంటిగాడి_అమ్మ: మా వాడికి 20 నెలలు. అమ్మ, బంతి లాంటి మాటలు పదో పన్నెండో వచ్చు. ఆకలేస్తే మాత్రం నా వేలు పట్టి ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి తలుపు బాదుతూ అరుపే అరుపు. పెడితే రెండు ముద్దలు తిని గిన్నె బోర్లిస్తాడు. పాలు మాత్రం రోజుకు నాలుగు సీసాలు. నోటితో అడగడం ఎలా నేర్పారు? చెంచా ఎప్పుడు అలవాటు చేశారు?

నిద్రలేని_నాన్న: నాలుగు సీసాలా! ఇంక పొట్టలో చోటెక్కడిదండీ? మా పాపదీ ఇదే కథ. రక్తపరీక్షలో ఐరన్ తక్కువని తేలింది. పాలు రోజుకు 500 మి.లీ. దాటనివ్వొద్దన్నారు డాక్టర్. తగ్గించిన వారానికి తనే పళ్లెం దగ్గరకొచ్చి కూర్చుంది.

ముగ్గురి_అమ్మమ్మ: పాలు తాగితే రక్తం తగ్గడమేంటి నాయనా? నా పిల్లలు మూడేళ్లదాకా పాల మీదే పెరిగారు. గుండ్రాళ్లలా ఉన్నారు.

నిద్రలేని_నాన్న: పాలు విషమని నేనన్నానా? వాటిలో ఐరన్ బాగా తక్కువ. కడుపు వాటితోనే నిండితే మిగతా తిండి మీద ఆకలుండదు. అదీ సంగతి.

ముగ్గురి_అమ్మమ్మ: ఒక్క రిపోర్టు చేతికొస్తే చాలు, అందరూ డాక్టర్లే.

నిద్రలేని_నాన్న: సూదికి ఏడ్చింది మా పాప, మీ పిల్లలు కాదు. అమ్మమ్మగారూ, ఇంక వదిలేయండి.

మాటల_టీచర్: పదేళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను, పాల పంచాయితీ ఆపి కాస్త వినండి. వేలు పట్టి లాక్కెళ్లడం కూడా అడగడమే. పండు, గుడ్డు రెండూ చూపించి "ఏది కావాలి?" అనండి. చెయ్యి చాపగానే "పండా? ఇదిగో పండు" అంటూ ఇచ్చేయండి. అదీ చిన్న ముక్కే. అయిపోయాక ఓ ఐదు సెకన్లు ఆగి వాడి మొహం చూడండి. "ఇంకా" అనే మాట అక్కడే వస్తుంది.

కోపంగా_ఉన్నా: ఈ ఆగడాలు మాకూ చెప్పారు ఒకరు, మాట అనేదాకా ఇవ్వొద్దని. నలభై నిమిషాలు ఏడ్చి ఏడ్చి కింద పడుకుని నిద్రపోయాడు మా వాడు. చేతిలో ఖాళీ గిన్నె. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మాటల_టీచర్: నేను చెప్పింది ఐదు సెకన్లు. ముందు చదివి తర్వాత తిట్టండి.

కవలల_నాన్న: మా ఇద్దరూ వేళ్ల కొనలు దగ్గరకు చేర్చి తట్టేవాళ్లు, "ఇంకా" అని. ఏడాది నిండకముందే నేర్పాం. సైగలు నేర్పితే మాట ఆలస్యమవుతుందని భయపెట్టారు. ఇప్పుడు నోరు మూతపడితే ఒట్టు.

ముగ్గురి_అమ్మమ్మ: చెవులు బాగానే ఉన్న పిల్లలకు సైగలెందుకో!

సన్నపాప_అమ్మ: మాది అసలు తిననే తినదు. ఫోన్ పెడితేనే నోరు తెరుస్తుంది. తప్పా?

నిద్రలేని_నాన్న: రెండేళ్లలోపు స్క్రీనే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

సన్నపాప_అమ్మ: మీ ఇంటికి పంపిస్తా, ఒక్క పూట తినిపించి చూపించండి సార్.

కవలల_నాన్న: సన్నగా ఉందని టెన్షన్ పడకండి. మొదటి ఏడాదిలో పిల్లల బరువు దాదాపు మూడింతలవుతుంది, రెండో ఏడు రెండు మూడు కిలోలే. ఆకలీ అలాగే తగ్గుతుంది. మేం పెట్టి ఊరుకుంటాం, ఎంత తినాలో వాళ్ల ఇష్టం. ద్రాక్ష మాత్రం నిలువునా నాలుగు ముక్కలు చేసి పెట్టండి, ఒకసారి గొంతులో పడి మా ప్రాణాలు పోయినంత పనైంది.

చంటిగాడి_అమ్మ: ఇవాళ ఫ్రిజ్ ముందు "పా" అన్నాడు! పాలో పండో తెలీక రెండూ చూపించాను. రెండూ లాక్కున్నాడు. చెంచా గురించి ఒక్కరూ చెప్పలేదు.

నిద్రలేని_నాన్న: పాలు ఎన్ని మి.లీ. ఇచ్చారు?