అమ్మ జీవితం, అమ్మ గీసిన ప్రకృతి దృశ్యాలు: జ్ఞాపక సంచికలో ఎలా రాయాలి?

కావలి ఆడపడుచు:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మ కిందటి సంవత్సరం కాలం చేసింది. సంవత్సరీకం నాటికి ఆమె జీవితం మీద ఒక చిన్న జ్ఞాపక సంచిక అచ్చు వేయించి, బంధువులకూ, ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకున్న పిల్లలకూ ఇవ్వాలని అన్నయ్యా నేనూ అనుకున్నాము.

నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసేవారు. అందువల్ల అమ్మ కాపురం సోమశిల, సంగం, కంభం తిరిగి చివరకు కావలి చేరింది. పెళ్లికి ముందే డ్రాయింగు హయ్యరు పరీక్ష ప్యాసైనా ఆమె ఉద్యోగంలో చేరలేదు. ముగ్గురు పిల్లలను పెంచుతూ, మంచం పట్టిన నాయనమ్మకు సేవ చేస్తూ, ఆ మధ్యలోనే నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు గీసేది. అవి ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి గాని, సంతకం తప్ప తేదీ గాని ఊరి పేరు గాని దేని మీదా లేదు. కొన్నిటి వెనక మాత్రం పెన్సిలుతో రాసిన పాల లెక్కలు, చాకలి పద్దులు ఉన్నాయి.

మా పిన్నికి ఈ సంచిక మీద గట్టి అభిప్రాయమే ఉంది. "బొమ్మలు గీసేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, అత్తగారిని అన్నేళ్లు ఎత్తి కూర్చోబెట్టిన కోడలు ఎక్కడుంది, ముందు అది రాయండి, బొమ్మలు చివర వేసుకోండి" అంటుంది. నాకు అలా విడదీయడం ఇష్టం లేదు, కాని కలిపి రాయడం ఎలాగో తోచడం లేదు. తేదీలు లేని బొమ్మలను ఏ వరుసలో పెట్టాలో, కొన్నిటి మీద గోధుమరంగు మచ్చలు పడుతున్నందుకు ఏం చేయాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు డ్రాయింగు మాస్టారు (విశ్రాంత):

అమ్మా, తేదీ వేయకపోయినా ప్రకృతి దృశ్యంలో కాలం తెలియకుండా పోదు. మన జిల్లాల్లో ఈ పని మరీ తేలిక, ఎందుకంటే మనకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడతాయి. పెన్నలో ఒడ్డు నుంచి ఒడ్డుకు నీరు కనిపిస్తే అది చాలావరకు ఆ నెలల బొమ్మే. ఇసుక తిన్నెల మధ్య సన్నని పాయ కనిపిస్తే వేసవి. డెల్టా పొలాల్లో పెద్ద పంటకు నాట్లు కార్తీక, మార్గశిరాల్లో పడతాయి కాబట్టి పచ్చని వరి ఉన్న బొమ్మ సంక్రాంతికి అటూ ఇటూ గీసినది కావచ్చు. అయితే ఎడగారు (రెండో పంట) వరి కూడా ఉన్నది కాబట్టి పొలం ఒక్కటే చూసి తేల్చవద్దు. ఆకాశాన్నీ, కాలువ నీటినీ కలిపి చూడండి.

సంవత్సరం తెలుసుకోవడానికి కట్టడాలు పనికివస్తాయి. సోమశిల జలాశయం నిండుగా ఉన్నదా, ఇంకా కడుతున్న దశలో ఉన్నదా చూడండి. సంగం దగ్గర కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమయింది. పాత ఆనకట్ట ఒక్కటే కనిపించే బొమ్మ దాని నిర్మాణానికి ముందుది అవుతుంది. వెనక ఉన్న పాల లెక్కలను దయచేసి చెరపవద్దు. లీటరు ధర రాసి ఉంటే అంతకన్న మంచి సాక్ష్యం లేదు.

ఒక చిన్న హెచ్చరిక. మైపాడులోనో కొత్తపట్నంలోనో గీసిన బొమ్మలో సముద్రం మీద ఎర్రని సూర్యుడు ఉంటే దాని కింద "సాయంసంధ్య" అని వేయకండి. మన తీరంలో సముద్రం తూర్పున ఉన్నది. అచ్చయిన పుస్తకాల్లో కూడా ఈ పొరపాటు చూసి నవ్వుకున్నాను.

ఇక అసలు సంగతి. ప్రతి బొమ్మలో నీడలు ఎటు పడ్డాయో, ఎంత పొడుగున్నాయో, చిత్రకారిణి ఎక్కడ కూర్చుని చూసిందో గమనించండి. ఆమెకు రోజులో ఏ వేళ తీరిక దొరికిందో, ఇల్లు వదిలి ఎంత దూరం వెళ్లగలిగిందో బొమ్మలే చెబుతాయి. మీరు విడదీయలేకపోతున్నవి అక్కడ కలిసే ఉండవచ్చు. దామెర్ల రామారావు గారి (1897–1925) పేరు మనకు తెలుసు. ఆయన భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే అన్న సంగతి ఎందరికి గుర్తున్నది? ఆడవాళ్ల బొమ్మలను "చివర వేసుకోవడం" మనకు కొత్త కాదు.

నెల్లూరు ఫ్రేముల షాపు:

మచ్చల గురించి నేను చెప్పగలను. అవి చాలావరకు తేమ వల్ల, కాగితంలోని ఆమ్లం వల్ల వస్తాయి. మన కోస్తా ఊళ్లలో ట్రంకుపెట్టె అడుగున కాగితం చెమ్మ పట్టడం మామూలే. బొమ్మలను తీసి, నీడలో, గాలి తగిలే గదిలో ఒకటి రెండు రోజులు పరచండి. ఎండలో మాత్రం పెట్టవద్దు, నీటిరంగుల్లో ఎరుపులు కొన్ని త్వరగా వెలిసిపోతాయి. తర్వాత ఒక్కో బొమ్మ మధ్య ఆమ్లం లేని కాగితం వేసి, పడుకోబెట్టి దాచండి. మచ్చలను తడిగుడ్డతో తుడిస్తే రంగే పోతుంది.

ఎవరు చెప్పినా లామినేషను చేయించవద్దు. ఒకసారి చేస్తే తిరుగు లేదు. సెల్లోటేపు కూడా వద్దు. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం రంగుకు ఆనకుండా మధ్యలో అట్ట చట్రం ఉండాలి, వెనక ప్లైవుడ్డు నేరుగా కాగితానికి తగలకూడదు. పాత ఫ్రేములో బొమ్మ అద్దానికి అంటుకుని ఉంటే లాగకండి, అలాగే ఉంచి నిపుణులకు చూపించండి. వీటన్నిటికన్న ముందు ప్రతి బొమ్మను, దాని వెనక వైపును కూడా, స్కాను చేయించి రెండు చోట్ల దాచుకోండి.

గుండ్లకమ్మ ఒడ్డు:

మాది కంభం. చెరువు బొమ్మలు ఉంటే ఇక్కడ పెట్టండి, ఏ గట్టు నుంచి గీశారో చెప్పగలను. మాస్టారి మాటతో ఏకీభవిస్తూనే మీ పిన్నిగారి పక్షాన ఒక మాట. ఆవిడ కళ్లతో చూసినది ఏ బొమ్మలోనూ ఉండదు. ఆవిడతో వాదించే బదులు ఆవిడ చేతనే చెప్పించి రాసుకోండి. నాన్నగారితో పనిచేసినవారి ఇళ్లలో ఆడవాళ్లు ఎవరైనా ఉంటే వారినీ అడగండి. క్వార్టర్సులో ఇరుగుపొరుగుకు తెలిసినంత బంధువులకు తెలియదు.

అమ్మ బొమ్మలు ఇతరులకు ఇచ్చి ఉన్నా సంచికలో అచ్చు వేసుకోవడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. మన చట్టం ప్రకారం చిత్రకారిణి మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు కాపీరైటు హక్కు ఉంటుంది. ఆమె ఎవరికీ రాసి ఇవ్వకపోతే అది వారసులదే.

కావలి ఆడపడుచు:

మాస్టారు గారూ, మీరు చెప్పినట్లు సంగం బొమ్మలన్నీ నేల మీద పరిచి చూశాము. దాదాపు అన్నిటిలోనూ ఎడమ అంచున ఒక పచ్చటి గీత నిలువుగా ఉంది. అది ఏదో చెట్టు మొదలనుకునేవాళ్లం. మా క్వార్టర్సు వెనక వరండా స్తంభం అని అన్నయ్య గుర్తుపట్టాడు. నాయనమ్మ మంచం ఆ వరండాలోనే ఉండేది. ఏటిలో నీరు మారింది, ఆకాశం మారింది, చూసిన చోటు మాత్రం మారలేదు. నీడలు కూడా మధ్యాహ్నం దాటినవే. నాయనమ్మ అన్నం తిని నిద్రపోయే వేళ అది. కంభం బొమ్మల్లో ఆ స్తంభం లేదు, చెరువు నాలుగు వైపుల నుంచీ కనిపిస్తుంది. నాయనమ్మ సంగంలోనే పోయింది.

ఇది పిన్నికి చూపించాము. సంగం అధ్యాయం తను చెబుతానని, బొమ్మలు మాటల పక్కనే రావాలని ఆమే అన్నది. కాబట్టి కాపురం ఉన్న ఊళ్ల వరుసలోనే పుస్తకం నడుపుతున్నాము. షాపు వారి సలహా మీద స్కానింగు మొదలుపెట్టాము. కంభం బొమ్మలు ఈ ఆదివారం ఇక్కడ పెడతాను. గట్టు పేర్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.