ఈజీఆర్‌కి (వదిలేసిన పొగలో కొంత మళ్లీ ఇంజనుకి పంపేదానికి) ప్లేటు కొట్టేస్తే తప్పేంటి? (బీఎస్4 పొగ రూలు నాటి, పన్నెండు టైర్ల బండి)

గుంటూరు మిర్చిలోడు, రాత్రి 9:12
బండి 2018ది. మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని ఎత్తు ఎక్కితే చాలు, నల్లపొగ కమ్మేస్తోంది, పికప్ ఉండట్లేదు. ఖాళీగా అయితే బాగానే పోతుంది. స్కానర్ పెడితే పీ0401 అనే తప్పు కోడు వచ్చింది. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఈజీఆర్ వాల్వు కొత్తది వేయించా, 38 వేలు అయింది. 20 రోజులు తిరక్కముందే మళ్లీ అదే లైటు, అదే పొగ. విసుగొచ్చేసింది. ప్లేటు వేసి మూసేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

కృష్ణలంక కుర్రోడు, 9:20
కొట్టెయ్ అన్నా. మా మూడు బండ్లకీ ప్లేట్లే.

డీజిల్ మేస్త్రి ఆటోనగర్, 9:47
ఆగండి. పీ0401 అంటే ఈజీఆర్‌లోంచి వెనక్కి తిరిగే పొగ తక్కువైందని. అది నిజంగానే తక్కువైతే సిలిండర్‌కి మంచి గాలి ఎక్కువ అందాలి. మరి గాలి చాలనప్పుడు వచ్చే నల్లపొగ ఎలా వస్తుంది? మీ కోడుకీ మీ పొగకీ పొత్తు కుదరట్లేదు. నాకైతే రెండు అనుమానాలు. కొన్ని ఇంజన్లలో ఫ్లో కొలిచే సెన్సారుకి పోయే సన్న గొట్టాలు మసితో పూడుకుపోతాయి. సెన్సారు తక్కువని చెబుతుంది, కంప్యూటరు వాల్వుని ఇంకా తెరుస్తుంది, పొగ ఎక్కువవుతుంది. లేదంటే కోడు దారి కోడుది, పొగ దారి పొగది. టర్బో (ఇంజనుకి గాలి నెట్టేది) నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లార్చేది) పోయే హోసు చూశారా? లోడు మీదే దాంట్లో ప్రెషరు పెరుగుతుంది. ఖాళీ బండికి పొగ లేదన్నారు కాబట్టి నా అనుమానం దాని మీదే ఎక్కువ.

గుంటూరు మిర్చిలోడు, 10:05
మా నాన్న 2004లో కొన్న లారీకి ఈ ఈజీఆరే లేదు. 15 ఏళ్లు తిరిగింది, ఇంజను ఒక్కసారే విప్పాం. వదిలేసిన పొగని మళ్లీ ఇంజనుకే తాగించడం ఏం తెలివి? మనిషికైతే తాగిస్తామా?

డీజిల్ మేస్త్రి ఆటోనగర్, 10:18
కాలిపోయిన పొగ కొంచెం కలిస్తే మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. అందుకే పెట్టారు. 2017 ఏప్రిల్ 1 నుంచి, 2020లో బీఎస్6 వచ్చేదాకా, దేశమంతా కొత్త బండ్లకి బీఎస్4. మీ ఇంజను సెట్టింగంతా ఈజీఆర్ ఉందనుకునే చేశారు. మూసేస్తే ఫ్లో లేదని కంప్యూటరుకి తెలుస్తుంది, లైటు పోదు, చాలా బండ్లకి పవరూ కోసేస్తుంది. నేనూ ప్లేటు పెడతాను, కానీ పది నిమిషాల ట్రయలుకే. పెట్టాక కూడా పొగ పోలేదంటే తప్పు వాల్వుది కాదని తేలిపోతుంది. వెంటనే తీసేస్తా.

గుంటూరు మిర్చిలోడు, 10:21
అంటే మీరూ ప్లేటు వేస్తారుగా! ఇందాకటి నుంచి నేను అడిగేది అదే.

స్టీరింగు 22 ఏళ్లు, 10:40
నా సంగతీ వినండి. ఇదివరకు చేసిన బండిలో ట్రిప్పుకి రెండు లీటర్ల కూలెంటు మాయమయ్యేది. కింద ఒక్క చుక్క కారేది కాదు. ఓనరు నేనే చూసుకోవట్లేదని బత్తాలో 1500 కోశాడు. హెడ్ గాస్కెట్ కూడా మార్పించాడు, తగ్గలేదు. చివరికి చూస్తే ఈజీఆర్ కూలరు (వెనక్కి తిరిగే పొగని కూలెంటుతో చల్లార్చేది) లోపల చీలింది. నా డబ్బు ఈ రోజుకీ రాలేదు.

డీజిల్ మేస్త్రి ఆటోనగర్, 10:52
చల్లటి ఇంజను మీద వాల్వు విప్పి వేలు పెడితే అది బయటపడేదే. మసి పొడిపొడిగా రాలాలి. తడిగా బురదలా అంటుకుందంటే కూలరు మీద అనుమానపడాలి. కూలరు దించి, మూతులు బిగించి గాలి కొట్టి నీళ్లలో ముంచితే బుడగలే చెబుతాయి. డ్రైవరు బత్తా కోయక్కర్లేదు.

గుంటూరు మిర్చిలోడు, 11:03
నా బండికి నీళ్ల సమస్య లేదు! నేను అడిగిందొకటి, మీరు మాట్లాడేదొకటి. మేస్త్రీలందరిదీ ఇదే వరస. విప్పుతారు, మారుస్తారు, బిల్లు చేతిలో పెడతారు. తప్పు పోకపోతే పైసా వెనక్కిచ్చినవాడు ఒక్కడు లేడు. ఆ 38 వేలు ఎవరిస్తారు?

డీజిల్ మేస్త్రి ఆటోనగర్, 11:15
ఆ షెడ్డు నాది కాదు, అయినా అడుగుతున్నా. కోడు చూడగానే "మార్చెయ్, రాత్రికి లోడుంది" అని మీరు అన్నారా లేదా?

గుంటూరు మిర్చిలోడు, 11:19
అన్నాను. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే కిస్తీ నువ్వు కడతావా? యార్డులో లోడు నా కోసం ఆగదు.

డీజిల్ మేస్త్రి ఆటోనగర్, 11:34
అసలు గొడవ ఇదే. పోయిన నెల ఒక బండి ఇలాగే వచ్చింది. ఇంజను రైజు చేయించి హోసులన్నిటికీ సబ్బునీళ్లు కొట్టా. రెండు గంటలు పట్టింది. క్లిప్పు కింద, కంటికి కనపడని చోట, గోరంత చీలిక. ప్రెషరు వచ్చినప్పుడే నోరు తెరుస్తోంది, నురగ అక్కడ ఉబ్బింది. హోసు మార్చా, పొగ పోయింది. కూలి అడిగితే "ఒక్క గొట్టం మార్చినందుకు ఇంతా?" అన్నాడు. అదే వాల్వు మార్చి ఉంటే మాట్లాడకుండా ఇచ్చేవాడు. చూసినందుకు డబ్బివ్వరు, మార్చినందుకిస్తారు. అందుకే షెడ్లలో చూడటం మానేసి మార్చడం మొదలుపెట్టారు.

స్టీరింగు 22 ఏళ్లు, 11:38
నిజం.

గుంటూరు మిర్చిలోడు, 11:56
చూసే కూలి ఎంతో ముందే చెప్పండి.

డీజిల్ మేస్త్రి ఆటోనగర్, రాత్రి 12:01
800. ఏమీ దొరక్కపోయినా 800 ఇవ్వాలి. దొరికితే సామాను ఖర్చు వేరే. ఎవరితోనూ ఏమీ విప్పించకుండా తీసుకురండి.

గుంటూరు మిర్చిలోడు, 12:04
ఆదివారం పొద్దున్నే తెస్తా. పాత వాల్వు కూడా ఇంట్లోనే ఉంది, పట్టుకొస్తా.