డయాలసిస్‌కు వాడే ఫిస్టులా నీడిల్ గుచ్చుకుంది, పేషెంట్‌కు హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) రియాక్టివ్. ఏం చేయాలి?

డయాలసిస్ స్టాఫ్ నర్స్, గాజువాక:
నిన్న సాయంత్రం డయాలసిస్ అయ్యాక నీడిల్ తీస్తుంటే పేషెంట్‌కు కాలి కండరం పట్టేసింది. నొప్పికి చెయ్యి విదిలించారు. రక్తంతో ఉన్న సూది గ్లవ్ దాటుకుని నా వేలిలో దిగింది. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద కడిగాను. ఆయన ఫైల్లో హెచ్‌ఐవీ నెగెటివ్, హెచ్‌సీవీ రియాక్టివ్ అని ఉంది. మా ఇన్‌చార్జ్ "హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావు కదా, ఏం కాదులే" అన్నారు. ఇంట్లో చంటిపాప, నా పాలే తాగుతుంది. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. దీనికి ఇంజెక్షన్ ఏమైనా ఉందా? పాపకు పాలివ్వొచ్చా?

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్, మహారాణిపేట:
చెల్లీ, ముందు పాపకు పాలివ్వు. తల్లిపాల వల్ల సి వైరస్ సోకదు. చనుమొనలు పగిలి రక్తం వస్తే మాత్రం మానేదాకా ఆపాలి.

మీ ఇన్‌చార్జ్ చెప్పింది తప్పు. బి టీకా బి వరకే. సి కి టీకా లేదు, గుచ్చుకున్నాక వేసే ఇంజెక్షనూ లేదు. అందుకే పరీక్షలు వేళకు చేయించుకోవడమే మన చేతిలో ఉన్న పని. సూది గుచ్చుకుంటే సి సోకే రిస్క్ 1.8 శాతం అని మేం చదువుకున్నాం. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అది 0.2 శాతం, అంటే వెయ్యి మందిలో ఇద్దరు. కానీ నీకు గుచ్చుకున్నది లోపల బోలుగా ఉండే లావు సూది, వదిలేయకు.

అన్నిటికంటే ముఖ్యం ఆ పేషెంట్ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. రియాక్టివ్ అంటే వైరస్ మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ ఉందని మాత్రమే. మందులు వాడి పూర్తిగా నయమైనవాళ్లకు కూడా యాంటీబాడీ ఏళ్ల తరబడి కనిపిస్తుంది. డయాలసిస్ పేషెంట్లలో అలాంటివాళ్లూ ఉంటారు. రక్తంలో వైరస్ ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ చెబుతుంది. ఆయనకు విషయం చెప్పి, ఒప్పించి చేయించండి. లేదని వస్తే నువ్వు నెలల తరబడి భయపడాల్సిన పని లేదు.

ల్యాబ్ టెక్నీషియన్, ఎంవీపీ కాలనీ:
అక్కా, 48 గంటల్లోపు మీ యాంటీబాడీ టెస్టుకు రక్తం ఇచ్చేయండి. అది నిన్నటి సూది సంగతి చెప్పదు, అంతకుముందు మీకు జబ్బు లేదని రుజువు చేస్తుంది. ఆయనకు ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ వస్తే, లేదా టెస్టు కుదరకపోతే, 3 నుంచి 6 వారాల మధ్య మీకు ఆర్‌ఎన్‌ఏ, 4 నుంచి 6 నెలల మధ్య మళ్లీ యాంటీబాడీ. యాంటీబాడీ తయారవడానికి రెండు నెలల పైన పట్టొచ్చు, తొందరపడి ముందే చేయించుకుని నెగెటివ్ అని ఊరుకోవద్దు.

డయాలసిస్ స్టాఫ్ నర్స్, గాజువాక:
ఇన్‌చార్జ్ రిజిస్టర్‌లో రాయొద్దంటున్నారు. ఒకవేళ జబ్బు వస్తే?

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్, మహారాణిపేట:
టైమ్, ఏ సూది, ఎలా జరిగింది అన్నీ నువ్వే కాగితం మీద రాసి సూపరింటెండెంట్‌కు ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకో. రేపు ఏదైనా అయితే ఇది డ్యూటీలో జరిగిందని చెప్పేది ఆ కాగితమే. వస్తే మందులున్నాయమ్మా. సోఫోస్‌బువిర్‌తో మరో మందు కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే 95 శాతం పైగా నయమవుతుంది. పాలిచ్చే తల్లి కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చెబుతారు. 2018 నుంచి జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఇవి ఉచితం. మన విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి)లో అడుగు.

డయాలసిస్ స్టాఫ్ నర్స్, గాజువాక:
రాసిచ్చాను అక్కా. నా రక్తం ఇచ్చాను. ఆయన కూడా ఒప్పుకున్నారు, శాంపిల్ వెళ్లింది. డ్యూటీ మానాలా?

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్, మహారాణిపేట:
మానక్కర్లేదు. ఫాలోఅప్ అయ్యేదాకా రక్తదానం మాత్రం చేయకు.