గాలి లేచే రోజుల్లో డైవింగ్ బోటు: వెళ్లాలా, ఆపాలా?

నీలిపడవ, స్వరాజ్ ద్వీప్:
మాది శ్రీకాకుళం జిల్లా. తొమ్మిదేళ్లుగా ఇక్కడ, అంటే అండమాన్‌లోని పాత హేవ్‌లాక్‌లో, స్కూబా డైవింగ్ బోటు నడుపుతున్నాను. మొన్న అల్పపీడనం ఉందని తెలుసు. అయినా తెల్లవారుజామున సముద్రం నూనె పోసినట్టు ఉండడంతో ఆరుగురిని ఎక్కించుకుని దూరంగా ఉన్న జానీస్ గార్జ్ అనే డైవింగ్ చోటుకు బయలుదేరాను. వాళ్లు నీళ్లలో ఉండగానే గాలి లేచింది. పైకి వచ్చేటప్పుడు నిచ్చెన ఎగిరిపడి ఒక అమ్మాయి వేళ్లు నలిగాయి. గంటకు పైగా తిరుగు ప్రయాణం. ఆమె నొప్పి ఓర్చుకుంటూ ఒక్క మాటా అనలేదు. ఆ మౌనమే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ట్రిప్పు ఆపాలని మీరు దేన్నిబట్టి నిర్ణయిస్తారు?

రేవుమనిషి, విశాఖపట్నం:
మా నాన్న మరపడవ నడిపే సరంగు. ఇప్పుడు నేను రుషికొండ వైపు డైవర్లను తీసుకువెళ్తున్నాను. ఉదయం కంటికి కనిపించే సముద్రాన్ని నమ్మకండి. వెళ్లేటప్పుడు ఎలా ఉందన్నది కాదు, తిరిగొచ్చే వేళకు ఎలా ఉంటుందన్నదే లెక్క.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం, రోజూ అలల అంచనా ఇస్తుంది. అందులో చెప్పే ఎత్తు అన్నిటికంటే పెద్ద అలది కాదు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. రెండు మీటర్లని ఉంటే మధ్యలో మూడున్నర మీటర్ల కెరటం కూడా రావచ్చు. అల వెనుక అల ఎన్ని సెకన్లకు వస్తుందో కూడా చూడండి. ఒకటిన్నర మీటరే అయినా ఐదు సెకన్లకొకటి వస్తుంటే చిన్న బోటును కుదిపేస్తుంది. పద్నాలుగు సెకన్ల అల లోతు నీళ్లలో మెల్లగా ఎత్తి దించుతుంది, కానీ గట్టు దగ్గరికి, రాళ్ల దగ్గరికి వచ్చేసరికి విరుచుకుపడుతుంది.

రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగిరితే ఇక ఆలోచన లేదు, బోటు కట్టేస్తాను. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఒకటో నంబరును. తుపాను ఎక్కడో దూరంగా ఉన్నా దాని కెరటాలు గాలికంటే ముందే వస్తాయి. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 8న అండమాన్ దాటింది, 12న మా మీద పడింది. అక్కడి కబురు మాకు నాలుగు రోజుల ముందుమాట.

లోతుకొలత, డైవింగ్ శిక్షకుడు:
నీలిపడవ గారూ, ఆ దెబ్బ నిచ్చెన దగ్గరే తగలడంలో ఆశ్చర్యం లేదు. అడుగున ప్రశాంతంగా ఉన్నా, పైకి వస్తూ ఒంట్లో చేరిన నైట్రోజన్ తగ్గడానికి ఐదు మీటర్ల లోతు దగ్గర మూడు నిమిషాలు ఆగే చోట కెరటం మనిషిని పైకీ కిందికీ లాగుతుంది. అందుకే అక్కడ పట్టుకోవడానికి తాడు వేలాడదీస్తాం. బోటు వెనుక కూడా పొడవైన తాడు, చివర బోయా కట్టి వదలండి. అందరూ దాన్ని పట్టుకుని దూరంగా ఉండాలి, ఒక్కొక్కరే రావాలి. బరువుల బెల్టు, సిలిండరు నీళ్లలోనే విప్పి ముందు పైకి అందించాలి. నిచ్చెన కింద ఎవరూ ఉండకూడదు, ఇంజిన్ తిరగకూడదు. నైరుతి గాలి రోజుల్లో ద్వీపానికి తూర్పున మరుగు దొరుకుతుంది. దూరపు చోటు మానేసి అక్కడే దించినా తప్పు లేదు.

వేసవిసెలవు, హైదరాబాద్:
నేను బోటు నడపను, ఎక్కేదాన్ని. 2016 డిసెంబరులో హేవ్‌లాక్‌లో చిక్కుకుపోయిన వందలాది పర్యాటకుల్లో మా కుటుంబం ఉంది. తుపాను వాతావరణంతో ఓడలు ఆగిపోయాయి, చివరకు నౌకాదళం వాళ్లే మమ్మల్ని పోర్ట్ బ్లెయిర్ చేర్చారు. అప్పుడు మేము డబ్బు కట్టిన బోటు యజమాని ముందురోజు సాయంత్రమే వచ్చి, "రేపు వద్దమ్మా, డైవింగ్ కంటే ముందు మీరు ఓడ సంగతి చూసుకోండి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. మరో ప్రయాణంలో ఇంకొకాయన, వాన వల్ల పోయిన రెండు డైవ్‌లను చివరి రోజు ఉదయం పెట్టిస్తానన్నాడు. మా విమానం సాయంత్రం! ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలని ఆయనకు తెలియదా?

కొండతీరం, మురుడేశ్వర్:
నేత్రాణి దీవికి బోటు తిప్పుతాను. ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. బోటు కదిలితేనే కూలి అన్న పద్ధతి ఉంటే, మీ సరంగు "పర్వాలేదు, వెళ్దాం" అనే అంటాడు. అతనికీ ఇల్లు ఉంది కదా. మూడేళ్ల క్రితం నుంచి ఆపిన రోజుకు కూడా పూర్తి కూలి ఇస్తున్నాను. మొదటి నెలలోనే తేడా తెలిసింది. నేను వెళ్దామనుకున్న ఒక ఉదయం అతనే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పర్యాటకులకు మాత్రం నేను ఆపితే మొత్తం డబ్బు వెనక్కి, లేదా మరో తేదీ. ఈ మాట డబ్బు తీసుకునేటప్పుడే రాసి ఇస్తాను.

నీలిపడవ:
కూలి సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ ఉదయం మా సరంగు ఆకాశం వైపు రెండుసార్లు చూశాడు, ఏమీ అనలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఈ రాత్రే అతనితో మాట్లాడి, ఆపిన రోజులకూ కూలి ఇస్తానని చెప్పాను. నిచ్చెన కింది మెట్లకు రబ్బరు తొడిగించాను, వెనుక తాడు కూడా సిద్ధమైంది. రేపు మధ్యాహ్నం నుంచి గంటకు 45 కిలోమీటర్లకు పైగా ఈదురుగాలులని హెచ్చరిక ఉంది. రేపటి నలుగురికీ ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.