నాన్నగారికి జబ్బు పేరు చెప్పాలా? మీ ఇళ్లల్లో ఏం చేశారు?

కొబ్బరిచెట్టు:
మా నాన్నగారికి 71 ఏళ్లు, రిటైరైన లెక్కల మాస్టారు. క్లోమంలో క్యాన్సర్, కాలేయానికి కూడా పాకిందని గత వారం తేలింది. డాక్టరు ఆయనను బయట కూర్చోబెట్టి నాకూ అన్నయ్యకూ చెప్పారు. నయం కాదు, కీమో ఇస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చు అన్నారు. "చెబితే ఆ బెంగతోనే పోతారు" అని అమ్మ, అన్నయ్య పట్టుబట్టారు. ప్రస్తుతానికి పేగుల్లో పుండు అని చెప్పాం. సోమవారం కీమోకు సంతకాలు. ఇలాంటిది చూసినవారు రాయండి. "ధైర్యంగా ఉండండి" అనే జవాబులు వద్దు, అవి వాట్సాప్‌లో బోలెడు వస్తున్నాయి.

పెద్దబావ:
మా అత్తగారికి చెప్పలేదు. చివరి వారం దాకా మనవడి ఒడుగు ఎక్కడ చేయాలి, ఎవరికి ఏం పెట్టాలి అనే మాట్లాడారు. చెప్పి ఏం సాధించేవాళ్లం? మన ఇళ్లల్లో జబ్బు ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. ఆ బరువు పిల్లలు మోస్తే తప్పేమిటి?

రాత్రిడ్యూటీ:
క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సును. బయట కూర్చోబెడితే తెలియదనుకుంటున్నారా? తలుపు మీద బోర్డు చదువుతారు, పక్క మంచం వారిని అడుగుతారు. మీ నాన్నగారు లెక్కల మాస్టారు కూడాను! అర్ధరాత్రి బీపీ చూడటానికి వెళ్తే "అమ్మా, నాది ఎన్నో స్టేజీ?" అని మమ్మల్ని అడుగుతారు. ఆ వెంటనే "నాకు తెలుసని పిల్లలతో అనకు, తట్టుకోలేరు" అంటారు. వరండాలో కొడుకేమో "నాన్నకు చెప్పకండి సిస్టర్" అంటాడు. ఇద్దరి రహస్యమూ మా దగ్గరే ఉంటుంది. దయచేసి మా చేత అబద్ధాలు ఆడించకండి.

నల్లకోటు:
సంతకం సంగతి చెబుతాను. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన రోగికి, ఆమె మత్తులో ఉండగానే, తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. రోగి మేజర్, ప్రాణాపాయం లేదు, తెలివి వచ్చేదాకా ఆగవచ్చు, కాబట్టి తల్లి అనుమతి చెల్లదు అంది కోర్టు. మీ నాన్నగారు స్పృహలో ఉన్నారు, కాబట్టి అనుమతి ఆయనే ఇవ్వాలి. పుండు అని చెప్పి కీమోకు సంతకం పెట్టిస్తే అది ఏ పాటి అనుమతి?

అయితే పెద్దబావ గారి మాటకూ కొంత ఆధారం ఉంది. డాక్టర్ల ప్రవర్తనపై 2002 నాటి నిబంధనలు జబ్బు తీవ్రతను పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు అంటాయి. కానీ ఆ సంగతి తెలియాల్సినవారిని చెప్పేటప్పుడు "రోగికి, బంధువులకు లేదా బాధ్యత గల మిత్రులకు" అన్నట్టుగా రాశారు. ఆ సందులోంచే మన ఆసుపత్రులు ముందు కొడుకును లోపలికి పిలుస్తాయి.

ఎడిసన్_ఇంటినుంచి:
మా అమ్మకు ఇక్కడ న్యూజెర్సీలో జబ్బు బయటపడింది. ఇంగ్లీషు రాదు కనుక నేనే తర్జుమా చేస్తానన్నాను (మెత్తగా చెప్పవచ్చని నా ఎత్తు). వాళ్లు ఒప్పుకోలేదు, ఫోనులో తెలుగు దుబాషీని పెట్టారు. డాక్టరు మొదట అడిగింది జబ్బు గురించి కాదు. "మీ రిపోర్టుల సంగతి మీకే వివరంగా చెప్పమంటారా, ఇంకెవరికైనా చెప్పమంటారా?" అన్నారు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా అమ్మాయికి చెప్పండి, నాకు మాత్రం నొప్పి లేకుండా చూడండి" అంది. అదే రాసుకున్నారు. పేరు తెలియకుండానే వైద్యం జరిగింది, ఎవరూ అబద్ధం ఆడలేదు.

పెద్దబావ:
మా అత్తగారూ సరిగ్గా అదే మాట అని ఉండేవారు.

ఎడిసన్_ఇంటినుంచి:
అని ఉండేవారేమో అండీ. మా అమ్మను అడిగారు, ఆవిడే అంది.

ఉపశమనం:
పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం, అందులో డాక్టరును. అమెరికా డాక్టరు అడిగినది అక్కడి మర్యాద మాత్రమే కాదు. చేదు వార్త చెప్పడానికి "స్పైక్స్" అనే ఆరు మెట్ల పద్ధతి ఉంది, 2000లో ప్రచురించారు. అందులో జబ్బు మాట ఎత్తేముందే రెండు ప్రశ్నలు ఉంటాయి: మీకు ఇప్పటిదాకా ఏం తెలుసు, ఇంకా ఎంత తెలుసుకోవాలని ఉంది. ఇక్కడ నేనూ అంతే చేస్తాను. కొందరు "వద్దు, మా వాడికి చెప్పండి" అంటారు. చాలామంది మాత్రం వరసగా ప్రశ్నలు వేస్తారు, అన్నీ పొలం గురించో, పెళ్లి కావాల్సిన బిడ్డ గురించో.

మీ విషయంలో అసలు నిర్ణయం కీమోదే. వాంతులు, నీరసం, ఆసుపత్రి చుట్టూ తిరగడం ఒకవైపు, కొన్ని నెలలు ఇంకోవైపు. ఆ బేరం ఆయనకు గిట్టుతుందో లేదో మీరెలా తేలుస్తారు? వద్దంటే వైద్యం ఆగిపోయినట్టు కాదు. క్లోమం క్యాన్సర్‌లో నొప్పి తీవ్రంగా ఉంటుంది, మార్ఫిన్ మాత్రలు, నరాలకు ఇచ్చే బ్లాకు ఇంజెక్షన్ బాగా పనిచేస్తాయి. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక మార్ఫిన్ లైసెన్సుల చిక్కు తగ్గింది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది.

వెంటిలేటర్ వద్దనుకుంటే ఆ మాట ముందే రాసి పెట్టవచ్చు. సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది, 2023లో తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే సరిపోతుంది. తన జబ్బేమిటో తెలియని మనిషి అది ఎందుకు రాస్తారు?

కొబ్బరిచెట్టు:
అందరికీ కృతజ్ఞతలు. సోమవారం నాన్నగారిని లోపలికి తీసుకెళ్తాను, ఆ రెండు ప్రశ్నలూ డాక్టరుగారినే అడగమంటాను. అమ్మ సరే అంది, అన్నయ్య ఇంకా మాట్లాడటం లేదు.

రాత్రిడ్యూటీ:
సోమవారం ఓపీ కిక్కిరిసి ఉంటుంది, అయిదు నిమిషాల్లో తేలే మాట కాదు ఇది. ముందురోజే ఫోన్ చేసి చివరి నంబరు అడగండి. అన్నయ్యగారిని కూడా లోపలికి రమ్మనండి, లేకపోతే బయటికి వచ్చాక మళ్లీ పుండు కథ మొదలవుతుంది.